నాయన ఎంచిన కార్డు

పోయిన ఆదివారం మా తమ్ముడి కూతురు వెన్నెల సూర్యాపేట నుంచి కోదాడకు, మా ఇంటికి వచ్చింది. ఒక ప్రైవేటు దవాఖాన ల్యాబులో దానికి కొత్తగా ఉద్యోగం. వచ్చీరాగానే చెప్పులైనా సరిగా విడవకుండా నా పక్కన కూలబడి, ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. "అత్తా, ఈ మూడు క్రెడిట్ కార్డుల్ల ఏది తీసుకోవాలె, చెప్పు" అంది. ఒకదానికి సినిమా టికెట్లు సగం ధరకే ఇస్తారట, ఒకదానికి విమానాశ్రయంలో ఊరికే భోజనం పెడతారట, ఇంకోదానికి ఏది కొన్నా కొంత వెనక్కి వస్తుందట. "నువ్వు విమానం ఎప్పుడెక్కినవే?" అన్నాను. "ఎక్కుత కావచ్చు, ఎవరికెరుక?" అని నవ్వింది. నవ్వి ఊరుకోకుండా, "నువ్వు మొట్టమొదట ఏ కార్డు తీసుకున్నవ్? ఎట్ల ఎంచుకున్నవ్?" అని అడిగింది. "నేనెక్కడ ఎంచుకున్న? మీ తాత ఎంచిండు" అన్నాను. తాత పేరు వినగానే ఫోను పక్కన పెట్టేసింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన తాతకూ, క్రెడిట్ కార్డుకూ ఏం సంబంధమో దానికి అంతుపట్టలేదు. ఆ మధ్యాహ్నం దానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, చెప్పడం మరిచిపోయినవి కూడా కొన్ని కలిపి.

మాది అప్పుడు సూర్యాపేటలో, మార్కెట్ యార్డుకు వెనక వైపు, రెండు గదుల ఇల్లు. వడ్లు వచ్చే కాలంలో ఇల్లంతా సన్నటి దుమ్ము. అమ్మ పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. నాయన సూర్యాపేట నుంచి గరిడేపల్లి మీదుగా మిర్యాలగూడ పోయే బస్సుకు కండక్టరు. తెల్లవారకముందే లేచి, అమ్మ గంజి పెట్టి ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుంటుంటే, చేతులు దూర్చినప్పుడు ఆ బట్ట చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. సాయంత్రం ఇంటికి వస్తే ఆయనతో పాటు డీజిలు వాసన, చెమట వాసన, చిల్లర నాణేల వాసన వచ్చేవి. సబ్బుతో చేతులు కడుక్కున్నా ఆ నాణేల వాసన మాత్రం పోయేది కాదు. ఆ చేతులతోనే నా తల నిమిరేవాడు, అందుకే నాకు ఇప్పటికీ చిల్లర నాణెం వాసన అంటే నాయన వాసనే. నాకు అప్పుడే గరిడేపల్లి దగ్గరి ఒక ఊళ్ళో టీచరుగా సర్కారు ఉద్యోగం వచ్చింది. చాలా రోజులు నాయన బస్సులోనే బడికి పోయేదాన్ని. కండక్టరు బిడ్డనని ఊరికే ఎక్కించుకునేవాడనుకునేరు, తన జేబులోంచి పైసలు తీసి సంచిలో వేసి, టికెట్టు చింపి నా చేతిలో పెట్టేవాడు. అలా పెడుతూ నావైపు కూడా చూసేవాడు కాదు.

నాయనకు తన పండ్ల మీద ఒకప్పుడు మహా గర్వం. ఉప్పూ బొగ్గూ కలిపి నూరిన పొడితో తోముకునేవాడు. సోడా సీసా మూత పంటితో తీసి, ఆ మూతను మా చేతికి ఇచ్చేవాడు. మటన్ వండిన రోజు బొక్కలన్నీ ఆయన పళ్ళెంలోకే పోవాలి. ఆ గర్వమే దిష్టి అయిందో ఏమో, యాభై దాటాక చిగుళ్ళు వాచడం మొదలై ఒక్కొక్క పన్నే కదిలిపోయింది. ముందు వరస పోయిన నాటి నుంచి ఆయన వేరే మనిషి అయ్యాడు. టికెట్టు ఇచ్చేటప్పుడు ఎడమ చెయ్యి నోటికి అడ్డం. ఎవరైనా నవ్వు మాట చెబితే తువ్వాలు పెదాల మీదికి వచ్చేది. అసలు మా నాయన నవ్వు ఎలా ఉండేదో తెలుసా, బస్సు వెనక సీట్లో నవ్వితే డ్రైవరు అద్దంలో చూసి తనూ నవ్వేవాడు. అలాంటిది నవ్వడమే మానేశాడు. అమ్మ జొన్నరొట్టెను పప్పుచారులో నానబెట్టి పెట్టేది. సకినాలు చాయలో ముంచి మెత్తబడ్డాక ఇచ్చేది. మిర్యాలగూడలో చుట్టాల పెండ్లికి పోతే, పంక్తిలో పక్కవాళ్ళు చూస్తారని పెరుగన్నం రెండు ముద్దలు మింగి లేచాడు. తిరుగు బస్సులో ఆకలికి కడుపు గుర్రుమంటుంటే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు ఆ రోజు చాలా బాధ అనిపించింది. ఆ బాధతోనే, నా జీతంతో మొదట చేసే పని నాయనకు పండ్లు కట్టించడమే అనుకున్నాను.

అనుకోవడం వేరు, మా నాయనను ఒప్పించడం వేరు. ఆడపిల్ల సొమ్ము పుట్టింటి వాళ్ళు ముట్టగూడదన్నది ఆయన పట్టు. ఎవరు చెప్పారో, ఏ పురాణంలో ఉందో తెలియదు గానీ మా ఇండ్లల్లో అది అందరూ నమ్మిన మాటే. కొడుకు తెచ్చింది తినొచ్చు, బిడ్డ తెచ్చింది తింటే అరగదు అని. మొదటి జీతం అమ్మ చేతిలో పెడితే, అమ్మ దేవుడి ముందు పెట్టి నా చేతికే తిరిగి ఇచ్చింది, నాయన దగ్గరుండి ఇప్పించాడు. పోనీ అని నేనే ఒక ఆదివారం మటన్ తెస్తే, తెల్లారి బడికి పోయే తోవలో చూసుకుంటే నా హ్యాండ్‌బ్యాగులో ఆ పైసలు ఉన్నాయి. అమ్మకు చీర కొంటే ఆ పైసలూ అంతే. ప్యాసింజరుకు చిల్లర బాకీ పడితే టికెట్టు వెనక రాసిచ్చి, దిగేలోపు ఎలాగైనా ఇచ్చేసే మనిషి, ఇంట్లో నా దగ్గర కూడా అదే లెక్క పాటించాడు. ఒకరోజు అన్నం తినేటప్పుడు మెల్లగా మాట తీశాను.

"నాయనా, కోదాడల కొత్త పండ్ల డాక్టరు వచ్చిండట. సెట్టు మంచిగ కడుతున్నడట."

"రిటైరైనంక కట్టిచ్చుకుంట తియ్యి. గప్పుడు పైసలొస్తయ్."

"గప్పటిదాక ఎందుకు? నా జీతం ఉన్నది గద."

నాయన ముద్ద కలపడం ఆపాడు. కోపం చేసుకోలేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. "బిడ్డ పైసలతోని నమలాల్నా నేను?" అన్నాడు. "పొద్దుగాల లేస్తే ఆ పండ్లే నోట్ల పెట్టుకోవాలె. బుక్క బుక్కకు నీ సొమ్మే యాదికి రావాలె. నాతోని కాదు బిడ్డా." అమ్మ నావైపు చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే చెప్పింది. తమ్ముడికి అప్పటికి పాలిటెక్నిక్ చదువు కూడా పూర్తి కాలేదు. వాడు సంపాదించేదాకా ఆగితే నాయన అప్పటిదాకా చారన్నంతోనే బతకాలి. ఆయనకు కక్కలేక మింగలేక, నాకు చెప్పలేక ఊరుకోలేక అన్నట్టయింది మా ఇద్దరి సంగతి.

ఊరక రారు మహానుభావులు అంటారు కదా, ఆ తర్వాత ఒక ఆదివారం మా ఇంటికి శ్రీను అనే కుర్రవాడు వచ్చాడు. కోదాడ వాడు. మెడలో టై, కాళ్ళకు హవాయి చెప్పులు. అప్పట్లో మా జిల్లాలో టీచర్ల ఇండ్లు వెతుక్కుంటూ ఇలాంటి ఏజెంట్లు తిరిగేవాళ్ళు. వీడి సంచిలో రెండు బ్యాంకుల క్రెడిట్ కార్డుల కాగితాలు ఉన్నాయి. మా బడిలో ఇద్దరు సార్లు అప్పటికే తీసుకున్నారని, వాళ్ళే నా పేరు చెప్పారని చెప్పాడు. నాయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, అరుగు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. మామూలుగా అయితే అప్పు అన్న మాట వినగానే వచ్చినవాడిని గేటు దాకా సాగనంపే మనిషి. అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అని రోజుకోసారైనా అనేవాడు. ఆ రోజు మాత్రం, "కూసో పిలగా, ఎండల వచ్చినవ్" అని మంచినీళ్ళు ఇప్పించాడు. శ్రీను గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"చేతిలో పైసా లేకపోయినా కార్డు గీకితే చాలండి, వస్తువు మనదైపోద్ది. బంగారం షాపులు, బట్టల షాపులు, పెద్ద దవాఖానలు, అన్ని చోట్లా మిషన్లు పెట్టేస్తున్నారండి."

"దవాఖానల గూడనా?" అన్నాను నేను, నాయన వైపు చూడకుండా.

"మా కోదాడలో పళ్ళ డాక్టరు గారు కూడా పెట్టారండి మేడం."

నేనేమీ చెప్పి పెట్టలేదు, ఒట్టు. ఆ మాట ఆ పిల్లాడి నోట అదంతట అదే వచ్చింది. కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు అని లోపల్లోపల సంబరపడ్డాను. నాయన చేతి మీది నూనె తువ్వాలుకు తుడుచుకుని, "గీకినప్పుడు పైసలు ఎవలిస్తరు?" అని అడిగాడు.

"బ్యాంకోళ్ళు ఇస్తారండి."

"మా బిడ్డ ఇయ్యదు గద?"

"మేడం గారు అప్పుడు రూపాయి కూడా తీయక్కర్లేదండి. అది బ్యాంకు డబ్బండి."

నాయన "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ ఎంత పొడుగ్గా సాగిందంటే, ఇంట్లోంచి అమ్మ బయటికి వచ్చి చూసింది. ఇక శ్రీను రెండు బొమ్మలు తీసి అరుగు మీద పరిచాడు. ఒక కార్డు బంగారు రంగుది, వెలుగులో రంగులు మారే బొమ్మ ఒకటి మూలకు ఉంది. మొదటి ఏడాది రుసుము లేదు, పైగా చక్రాల పెట్టె బహుమతి. దాని బిల్లు నెలనెలా ఇంటికి వస్తుంది, తీరిక చూసుకుని కట్టుకోవచ్చు. రెండోది నీలం రంగుది, సాదా. దానికి బహుమతీ లేదు, బొమ్మా లేదు. నా జీతం పడే బ్యాంకుదే కనుక బిల్లు అంటూ ఇంటికి రాదు, వాడింది నెలనెలా కొంత కొంత జీతంలోంచే కట్ అవుతుంది. జీతంలోంచి అన్న మాట వింటే నాయన ఇక లేచిపోతాడు. దొంగచూపుతో చూశాను. ఆయన మోకాలి చిప్ప పక్కన ఎక్కడో నొప్పి వెతుక్కుంటూ వంగి ఉన్నాడు, విన్నట్టే లేడు. హమ్మయ్య అనుకున్నాను.

నిజం చెప్పొద్దూ, నాకు బంగారు రంగుదే నచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్లను, నా పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉబ్బెత్తుగా అచ్చయి, బంగారు రంగు మీద మెరుస్తుందంటే నచ్చదా? అమ్మకేమో చక్రాల పెట్టె మీద మనసు పోయింది. ఎక్కడికి పోయేది లేకపోయినా, ఆ పెట్టెలో చలికాలం బొంతలు పెట్టుకోవచ్చని అప్పటికే లెక్క వేసుకుంది. నేను బంగారు రంగు కాగితం మీద చెయ్యి వేశాను. నాయన ఆ కాగితాన్ని నా చేతి కిందినుంచి మెల్లగా లాగి, శ్రీను సంచిలో పెట్టాడు.

"గిది వద్దు. గా నీలం రంగుది ఇయ్యి."

"పెట్టె ఇస్తడట గదయ్యా!" అంది అమ్మ.

"పెట్టె ఎందుకే, నిన్నేమన్న కాశీకి తోల్తున్ననా? గీ బంగారు బ్యాంకుకు మన సూర్యాపేటల గోడలున్నయా, తలుపులున్నయా? రేపు ఏమన్న అయితే ఎవల్ని అడుగుతవ్? గీ నీలం దానికి బజార్ల బిల్డింగ్ ఉన్నది. నేను దినాం సూస్తున్న."

నాయన మాట మీద ఇంకో మాట లేదు. నీలం రంగు కార్డు కాగితాల మీద సంతకం చేశాను. శ్రీను గేటు దాటాక, ధైర్యం తెచ్చుకుని అడిగాను. "నాయనా, ఇగ గిది బ్యాంకోని సొమ్మే గద. పండ్లు కట్టిచ్చుకుంటవా మరి?" ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బ్యాంకోడు ఇస్తనంటే నేనెందుకు కాదంట? కార్డు రానియ్యి, సూద్దాం" అని లోపలికి పోయాడు. ఆ పూట నేను చింతచెట్టు ఎక్కిన కోతిలా ఇల్లంతా తిరిగాను. నేనేదో తెలివిగా నాయన కన్నుగప్పానని నా సంబరం.

కార్డు రానే వచ్చింది. అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పెట్టింది, ఇంటికి కొత్తది ఏదొచ్చినా అంతే. తెల్లారి చూస్తే గూట్లో కార్డు లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. సాయంత్రం నాయన వచ్చి, జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. బస్‌స్టాండ్ దగ్గరి జిరాక్స్ షాపులో దానికి లామినేషన్ చేయించి తెచ్చాడు! మా ఇంట్లో లామినేషన్ కానిది లేదు. రేషన్ కార్డు, ఓటు కార్డు, నా పదో తరగతి మెమో, ఆఖరికి తమ్ముడి చిన్నప్పటి టీకాల కార్డు, అన్నిటికీ ప్లాస్టిక్ తొడిగించి పెట్టేవాడు నాయన. చెమట జేబులో ఏది పెట్టుకున్నా అక్షరాలు పోతాయని ఆయన భయం. "షాపోడు గిది మందమున్నది, మిషన్ల పోదన్నడు. అంచులకే ఏడి పెట్టిచ్చిన. ఇగ వానల తడిసినా ఏం కాదు" అని మురిసిపోతూ చూపించాడు. చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున ప్లాస్టిక్ అంచు, మధ్యలో నా నీలం కార్డు, దాని మీద అమ్మ పెట్టిన పసుపు కూడా అలాగే భద్రంగా ఉంది. కార్డు అంటే అలా పెట్టుకోవాలేమో అని నేనూ అనుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

కోదాడ దవాఖానలో ఆ సంగతి తెలిసింది. రెండు మూడు సార్లు పోయి మిగిలిన పండ్లు తీయించుకుని, కొలతలు ఇచ్చి వచ్చాం. సెట్టు తయారైన రోజు కార్డు తీసి డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంటండీ ఇది, కార్డుకి కూడా చొక్కా తొడిగారు?" అన్నాడు. మిషను మీద కప్పిన పూల గుడ్డ తీసి, గీకబోతే గాడిలో పట్టలేదు. నాయన ముఖం చిన్నబోయింది. లేచి నిలబడి, "ఖరాబైందా సార్? తప్పు నాదే, నేనే చేయించిన. రద్దయితే ఇంకోసారొస్తం" అన్నాడు. ఇంకోసారంటే ఇక రాడని నాకు తెలుసు. ఏదో ఒక సాకు కోసమే ఆయన మనసు ఇంకా వెతుకుతున్నట్టుంది.

డాక్టరు మంచివాడు. "కూర్చోండి పెద్దాయనా, పాచి తీయడం మాకు కొత్తేం కాదు కదా" అని కత్తెరతో అంచులు కత్తిరించి, పండ్ల గార గీకే కొక్కెంలాంటి పనిముట్టుతో మెల్లగా ప్లాస్టిక్ లేపడం మొదలుపెట్టాడు. పక్కన లైటు కూడా వేశాడు. పండ్ల కుర్చీలో కూర్చున్న నాయన ఆయన చేతినే చూస్తున్నాడు. కార్డు వెనక నల్ల గీత మీది పసుపును డాక్టరు స్పిరిట్ దూదితో తుడిచాడు. మొదటిసారి గీకితే మిషను ఒప్పుకోలేదు. ఇంకోసారి తుడిచి గీకాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత చిర్రుమని కాగితం బయటికి వచ్చింది. డాక్టరు దాన్ని చింపి నా ముందు పెట్టి, "ఇక్కడ సంతకం చేయండమ్మా" అన్నాడు. చేశాను. నా ప్రోగ్రెస్ కార్డుల మీద అన్నేళ్ళు సంతకం పెట్టిన నాయన, నా సంతకం వైపు వంగి చూశాడు.

కొత్త పండ్లతో మొదటి నెల ఆయన పడ్డ పాట్లు చెబితే వెన్నెల పడీ పడీ నవ్వింది. నోట్లో వేరేవాళ్ళ సామాను పెట్టుకున్నట్టుందని ఒకటే గొణుగుడు. పడుకునే ముందు గ్లాసు నీళ్ళలో వేసి పెడితే, అమ్మ చూడక తులసి మొక్కకు పోయబోయింది. మెల్లగా అలవాటయ్యాయి. రొట్టె తుంచి నమలడం వచ్చింది, తర్వాత మక్కపేలాలు, తర్వాత ఒక ఆదివారం బొక్క ఒకటి ధైర్యం చేసి అందుకున్నాడు. అమ్మా నేనూ తినడం మానేసి ఆయన నోటి వంకే చూశాం. "ఏంది, నా నోట్ల సినిమా నడుస్తున్నదా?" అన్నాడు. చాలా రోజులకు ఆ ఇంట్లో మళ్ళీ ఆ నవ్వు వినబడింది. తువ్వాలు భుజం మీదనే ఉంది. నాకు ఆ రోజు తిన్న కూర రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది.

బస్సులో ఎవరడిగినా, "బ్యాంకోడు పెట్టిచ్చిండు" అని చెప్పేవాడు. జనం తెల్లబోయేవాళ్ళు. బ్యాంకులు పండ్లు కూడా కట్టిస్తాయా అని పాలకీడు రైతు ఒకాయన నిజంగానే పోయి అడిగి వచ్చాడని డ్రైవరు చెప్పి నవ్వాడు. నెలనెలా నా జీతంలోంచి కొంత కట్ అవుతూనే ఉంది. నాయన ఒక్కసారి కూడా బిల్లు సంగతి అడగలేదు. బ్యాంకువాళ్ళు ఇంకా అడగలేదా, ఎప్పుడు కట్టాలి, ఎవరు కడుతున్నారు అన్న మాటే లేదు. నా బ్యాగులో పైసలూ పెట్టలేదు. మరిచిపోయాడని నేను, దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఇప్పుడు వెన్నెలను చూస్తే ముచ్చటేస్తుంది. దానికి కార్డు కావాలంటే ఇంటికి ఎవరూ రానక్కర్లేదు, చాయ చల్లారేలోపు ఫోనులోనే అయిపోతుంది. దాని నాయన, అంటే మా తమ్ముడు, దానికి ఉద్యోగం వచ్చిన నెలే ఫోను చేసి, "బిడ్డా, నాకు నడవడానికి బూట్లు పంపియ్యి, తొమ్మిదో నంబరు, నల్లయి" అన్నాడట. రంగు కూడా వాడే చెప్పాడు! అది పంపింది, వాడు తొడుక్కుని తిరుగుతున్నాడు, ఎవరికీ ఏమీ అరగకుండా పోలేదు. ఆ రోజులే మంచివని అనేవాళ్ళతో నేను ఈ విషయంలో కలవను. బిడ్డ సొమ్ము బిడ్డదే, కానీ బిడ్డ మనది కాదా? ఇంత చిన్న మాటకు మా ఇంట్లో ఒక మనిషి ఏండ్ల తరబడి పస్తులున్నంత పని చేశాడు. అయితే ఒకటి మాత్రం ఉంది. తమ్ముడికి బూట్లు అందినప్పుడు బొటనవేలు పైకి లేపిన బొమ్మ ఒకటి పంపాడట, అంతే. నాకు దక్కింది అంతకంటే చాలా ఎక్కువ. అది దక్కిన రోజు సంగతి చెప్పి ముగిస్తాను.

నాయన రిటైరయ్యే వారం అది. సాయంత్రం బడి అయ్యాక గరిడేపల్లిలో ఎక్కాను, మిర్యాలగూడ నుంచి తిరిగివస్తున్న నాయన బస్సే. కిటికీ పక్కన కూర్చున్నాను. నాకు ముందు సీట్లో, నిమ్మకాయల గంప ఒళ్ళో పెట్టుకుని ఒక ముసలామె కూర్చుంది. పాలకీడు వైపు నుంచి తరచుగా వచ్చే మనిషే, బోసి నోరు. నాయన టికెట్టు ఇవ్వబోతుంటే ఆయన ముఖంలోకి ఎగాదిగా చూసింది.

"కండక్టర్ సాబ్, నీ పండ్లు జర మంచిగున్నయ్ గదా! ఎవలు పెట్టిచ్చిన్రు, నీ కొడుకా?"

బ్యాంకోడు అనే మాట కోసం నేను ముందుగానే నవ్వు సిద్ధం చేసుకున్నాను. నాయన టికెట్టు చింపడం ఆపాడు.

"కొడుకు కాదవ్వా. నా బిడ్డ. గదో, నీ ఎనకనే కూసున్నది, పంతులమ్మ."

ముసలామె గిరుక్కున నావైపు తిరిగింది. తర్వాత ఆయన వైపు తిరిగి బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "బిడ్డ పైసలతోనా? తెలిసే తీసుకున్నవా?"

"తెల్వకేం? నెల నెలా దాని జీతంల కట్టయింది, నా ముందటనే చెప్పిండు గా కార్డు పిలగాడు. ఇంకో కార్డు గూడ ఉండె, బంగారు రంగుది, దీనికి గదే ఇష్టం. గాని దానికి బిల్లు ఇంటికొస్తదన్నడు. బిల్లు నా చేతికొస్తే నేను కట్టకుంట ఉంటనా? పొయ్యి కట్టొస్త. కట్టినంక ఇగ అది పెట్టిచ్చినట్టెట్లయితది? గందుకే గది వద్దన్న."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! బస్సులో అందరూ నా వైపే చూస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకోవాలని కూడా తోచలేదు. ముసలామె గంపలోంచి రెండు నిమ్మకాయలు తీసి నా ఒళ్ళో వేసి, "ఏడుస్తవేందే పిచ్చిదానా, పెట్టినావు, తిన్నడు" అంది. నాయన అప్పటికే నా పక్క సీటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అంతమంది ముందు, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నోరంతా తెరిచి నవ్వుతూ, "ఈడి నుంచి నాకూ మీ అమ్మకూ చాయ పైసలు గూడ నువ్వే ఇయ్యాలె బిడ్డా, ఖతం, ఇగ నేను రిటైరైపోతున్న" అన్నాడు.